మారుతి జిప్సీ ముందు యాక్సిల్ షాఫ్టు ఒకవైపు పోతే రెండువైపులా మార్చాలా? ఇంటి దగ్గర మనమే చేసుకోవచ్చా?

తమ్ముడూ, మీది రాయగడ అన్నావు. ఫోర్ వీల్ (నాలుగు చక్రాలూ లాగేలా) వేసి స్టీరింగు మొత్తం తిప్పితే ముందు చక్రం దగ్గర కటకటమంటోందనీ, మెకానిక్కు రెండువైపులా షాఫ్టులు, అంటే ఇంజను బలాన్ని చక్రానికి చేర్చే కడ్డీలు, మార్చెయ్యమంటున్నాడనీ రాశావు. రెండూ మార్చక్కర్లేదు. ఇంటి దగ్గర చేసుకోవచ్చు కూడా. కానీ పాతది ఎందుకు పోయిందో చూడకుండా కొత్తది వేస్తే మూడు నెలల్లో మళ్ళీ ఇదే ప్రశ్న అడుగుతావు. నేను రెండుసార్లు డబ్బులు పోసి నేర్చుకున్న సంగతి ఇది.

మాది సునాబెడ. నాన్న ఇక్కడి హెచ్ఏఎల్‌లో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. మిగ్ యుద్ధవిమానాల ఇంజన్ల దగ్గర చేతులు అరగదీసుకున్న మనిషి. నా జిప్సీని మాత్రం ఆయన చాన్నాళ్ళు ముట్టుకోలేదు, 'నీ బండి, నీ గోల' అనేవారు.

2017 వానాకాలంలో మా బావమరిది విజయనగరం నుంచి వచ్చి, దేవమాలి చూపించమని పట్టుబట్టాడు. ఒడిశాలో అదే ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు. పైకి బాగానే ఎక్కాం. మబ్బులు తప్ప ఏమీ కనబడలేదు, అది వేరే విషయం. దిగేటప్పుడు ఎదురుగా ఒక బొలేరో వచ్చింది. దారి ఇవ్వడానికి వెనక్కి తీస్తూ స్టీరింగు ఆ చివరికంటా తిప్పేశాను. ముందు ఎడమ చక్రం రాయికి ఆనింది. బండి ఫోర్ వీల్‌లో, అదీ 'లో' గేరులో (వేగం తగ్గించి బలం పెంచే గేరు) ఉంది. కాస్త గట్టిగా ఏక్సిలరేటర్ నొక్కాను. ఠాప్‌మని ఒకటే శబ్దం.

"బావా, టైరు పేలిందా?" అన్నాడు వాడు.

టైరు కాదు. జిప్సీ ముందు షాఫ్టు చివర, చక్రం తిరిగే చోట ఒక జాయింటు ఉంటుంది. గిన్నెలాంటి దానిలో ఆరు గోళీలు. చక్రం తిన్నగా ఉన్నప్పుడు అది ఎంత బరువైనా మోస్తుంది. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉండగా, చక్రం ఇరుక్కుని ఉండగా, పైగా లో గేరులో బలం పెడితే ఆ గిన్నె అంచు పగిలిపోతుంది. మాది అలాగే పగిలింది.

ఆ బురదలో కూర్చుని ముందు చక్రాల మధ్యనుండే రెండు హబ్బులూ చేత్తో లాక్ నుంచి ఫ్రీకి తిప్పి, అంటే చక్రాలకీ షాఫ్టులకీ లంకె తీసి, లివరు టూ వీల్‌కి లాగాను. ఘాటీ దిగడానికి లో గేరు ఉంటే బాగుండేది. కానీ జిప్సీలో లో గేరు ఫోర్ వీల్‌తోనే పడుతుంది, అది వేస్తే ముందు షాఫ్టులు మళ్ళీ తిరుగుతాయి, విరిగిన ముక్క ఎక్కడైనా ఇరుక్కుని స్టీరింగు పట్టేస్తే లోయలోకే. ఫస్టు గేరులో, బ్రేకు మీద కాలు పెట్టుకుని సెమిలిగూడ చేరేసరికి రాత్రి ఎనిమిదయింది. బావమరిది దారి పొడుగునా హనుమాన్ చాలీసా చదువుతూనే ఉన్నాడు.

మర్నాడు మెకానిక్కు దగ్గర పెట్టాను. ఊరు, పేరు వద్దు. స్పేర్ల షాపువాడు ఎడమవైపు అడిగితే కుడివైపు షాఫ్టు ఇచ్చాడు. రెండింటి పొడవు ఒకటి కాదు, యాక్సిల్ మీదుండే గేర్ల గుండు (డిఫరెన్షియల్) సరిగ్గా నడిమధ్యన ఉండదు కదా. బిగించబోతే గానీ ఆ తేడా బయటపడలేదు. వెనక్కి తీసుకెళ్తే 'గ్రీజు అంటిన సామాను తీసుకోం' అన్నాడు. ఎడమది విజయనగరం నుంచి బస్సులో పార్సిల్ వేయించుకున్నాను. మెకానిక్కు మధ్యాహ్నానికల్లా బిగించి ఇచ్చేశాడు. బ్రేకు క్యాలిపరు విప్పి, దాని బరువంతా బ్రేకు హోసు మీదే పడేలా వేలాడదీసి, పక్కన టీ తాగుతున్నాడు. నేను చూసి కూడా ఏమీ అనలేదు. నా తప్పే.

రెండు నెలలకి ఆ చక్రం లోపలివైపు నల్లగా చారలు మొదలయ్యాయి. తర్వాత అదే కటకట. అప్పుడు నాన్న కుర్చీలోంచి లేచారు.

ఆదివారం పెరట్లో పాత పేపర్లు పరిచారు. వెనక చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టించి, జాకీ వేసి, కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పనిచ్చారు. క్యాలిపరుని తీగతో స్ప్రింగు కమానుకి కట్టారు. హబ్బు మూత విప్పి, షాఫ్టు చివరనున్న సర్‌క్లిప్పు (పట్టి ఉంచే రింగు) తీసి, లాకు వాషరు మడత తెరిచి, బేరింగు నట్లు విప్పి హబ్బు లాగారు. దాని వెనక స్పిండిలు, అంటే హబ్బు తిరిగే బోలు ఇరుసు, ఎనిమిది బోల్టులతో ఉంటుంది. అది తుప్పు పట్టి రాదు, రాకపోతే చాలామంది ఇనప సుత్తి తీస్తారు. నాన్న చెక్క సుత్తితో చుట్టూ నెమ్మదిగా తట్టారు, కదిలింది. తీసిన ప్రతిదీ వరసగా పేపరు మీద పెట్టారు, మళ్ళీ బిగించేటప్పుడు చివరి నుంచి మొదటికి రావాలని.

స్పిండిలు ఊడగానే లోపల్నుంచి నల్లటి నీళ్ళలాంటిది కారింది. నాన్న వేలితో తీసి, రుద్ది, వాసన చూసి నా ముక్కు దగ్గర పెట్టారు. కుళ్ళిన గుడ్ల కంపు.

"ఏటిరా ఇది? గ్రీజా, పులుసా?"

అది గేరాయిల్. గుండులో ఉండాల్సిన ఆయిల్ యాక్సిల్ గొట్టం వెంట వచ్చి చక్రం దగ్గరికి చేరింది. దాన్ని ఆపడానికి గొట్టం చివర ఒక రబ్బరు సీలు ఉంటుంది. దాని అంచు గట్టిపడి చీలిపోయింది. వచ్చిన ఆయిల్ జాయింటులోని గ్రీజునంతా కడిగేసింది, గోళీలు ఇనుము మీద ఇనుముగా తిరిగాయి. దేవమాలి మీద పగిలింది కూడా అప్పటికే అరిగిపోయిన జాయింటే అని నా నమ్మకం, ఆ రాయి వంక మాత్రమే. మెకానిక్కు షాఫ్టు మార్చాడు గానీ సీలు ముట్టుకోలేదు. ఆ సీలు ఖరీదు రెండు ప్లేట్ల పూరీ అంత. సీలు వేశాక షాఫ్టుని దూర్చేటప్పుడు కూడా దాని బరువు సీలు మీద పడకుండా చేత్తో ఎత్తి పట్టుకోవాలి. లేదంటే కొత్త సీలుని షాఫ్టు పళ్ళే కోసేస్తాయి. నాన్న నాచేత ఆ పని మూడుసార్లు చేయించారు, రెండుసార్లు పళ్ళు తగిలాయని బయటికి లాగించి మరీ.

తర్వాత జాయింటుని డీజిల్‌తో కడిగి కొత్త గ్రీజు దట్టించాం. బేరింగు నట్టు చక్రం తిప్పుతూ బిగించి, కాస్త వదులు చేసి, మళ్ళీ సరిచూసి, లాకు వాషరు మడిచాం. గుండులో కారిపోయిన గేరాయిల్ మళ్ళీ నింపాం. అది మరిచిపోయేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇంకో మాట. 1985లో వచ్చిన ఈ బండికి ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య తేడా సర్దే ఏర్పాటు లేదు. ఫోర్ వీల్ అంటే బురదలో, ఇసకలో, జారే రాళ్ళమీద. పొడి తారు రోడ్డు మీద సుంకి ఘాటీలో మలుపు మలుపుకీ ఫోర్ వీల్‌లో దిగేవాళ్ళని చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, బండి తిరగనివ్వదు. ఆ మెలి అంతా షాఫ్టుల మీదా జాయింట్ల మీదా పడుతుంది. 'గ్రిప్పు బాగుంటుంది సార్' అంటారు. దేవమాలి మీద రీల్స్ కోసం చక్రాలు గిర్రున తిప్పేవాళ్ళ సంగతైతే అడగనే వద్దు. మండియా (రాగి) చేలగట్లు తొక్కేసి పోతారు, రైతు అడిగితే ఒడియా రాదంటారు.

నీ సంగతికి వస్తే, ముందు శబ్దం ఏవైపో తేల్చుకో. ఖాళీ మట్టినేల మీద ఫోర్ వీల్ వేసి ఒకసారి ఎడమకీ ఒకసారి కుడికీ పూర్తిగా తిప్పి నెమ్మదిగా నడుపు. ఒక మనిషిని పక్కన నడుస్తూ వినమను. ఆ వైపే విప్పు. గేరాయిల్ కంపు వస్తే జాయింటు ఎలా ఉన్నా సీలు మార్చు. రెండోవైపు సీలు కూడా అదే వయసుది, దాన్నీ మార్చెయ్, షాఫ్టు మాత్రం జోలికి పోకు. జాయింటు కడిగి చూసినప్పుడు గోళీలు తిరిగే గాడుల్లో గుంటలు పడి ఉంటే తప్ప కొత్తది కొనకు.

కొనాల్సి వచ్చి, అది కుడివైపుదే అయితే సునాబెడ రా. ఆ షాపువాడు వెనక్కి తీసుకోని షాఫ్టు ఇప్పటికీ మా పెరట్లో గోనెసంచిలో ఉంది. నాన్న ఏటేటా దానికి గ్రీజు రాసి పెడుతున్నారు.