ఆ గుమ్మం దాటి లోపలికి వెళ్లమనండి

ప్రశ్న: మా అమ్మాయికి 22 ఏళ్లు. మూడు నెలల క్రితం ప్రాణం తీసుకోబోయింది. దేవుడి దయవల్ల దక్కింది. బంధువులకు విషజ్వరమని చెప్పాం. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. వాళ్లకు విషయం చెప్పాలా, దాచాలా? పోలీసు కేసు అవుతుందేమోనని కూడా దిగులు. మా వారు ఆ రోజు నుంచి అమ్మాయితో మాట్లాడటం లేదు. ‘తిన్నదేమో అడుగు’ అని నాతో అంటారు. రాత్రుళ్లు మాత్రం రెండుమూడుసార్లు లేచి, దాని గది గుమ్మంలో నిలబడి, ఊపిరి వినిపించాక వచ్చి పడుకుంటారు.
– ఒక తల్లి

జవాబు: సంబంధం మాట వదిలేయండమ్మా. ఆ పిల్లకు ఇప్పుడు పెళ్లి వద్దు. ‘ఇప్పుడే చేయడం లేదు’ అనండి, చాలు. కేసు దిగులూ వద్దు. ఇలాంటివారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ చెబుతోంది. వాళ్లకు వైద్యం అందించే బాధ్యతను ప్రభుత్వం మీదే పెట్టింది.

మీరు చివర్లో రాసిన ఆ నాలుగు మాటల దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆయన రాత్రి పడే ఆరాటం కూతురికి తెలియదు. పగలు మొహం తిప్పుకోవడమే కనిపిస్తోంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మొదటి వారాలు, నెలలు చాలా జాగ్రత్తగా చూసుకోవలసిన కాలం. అలాంటప్పుడు కన్నతండ్రి పలకరించకపోతే ఆ పిల్ల ఏమనుకుంటుంది? మధ్యలో మాటలు మోసే పని మీరు ఈ రోజే మానేయండి. ‘మీరే అడగండి’ అనండి.

ఇక్కడి నుంచి మీ వారికి చదివి వినిపించండి.

అయ్యా, బిడ్డ తప్పు చేస్తే మందలించే హక్కు తండ్రికి ఉందని నేనూ నమ్ముతాను. కానీ అమ్మాయికి టైఫాయిడ్ వస్తే మంచం పక్కన కూర్చునేవారు కదా! ఇప్పుడూ అక్కడే కూర్చోవాలి. ముందు మీరు మాట్లాడితే మీ పెద్దరికం తగ్గదు. ‘మా పరువు ఆలోచించావా’ అని మాత్రం మొదలుపెట్టకండి. ‘రాత్రి నిద్ర పట్టక నీ గది దాకా వచ్చి చూసి పోతున్నానమ్మా’ అని ఉన్నమాట చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. మీకు కన్నీళ్లొస్తే పక్క గదిలోకి వెళ్లకండి. ‘మళ్లీ ఆ ఆలోచన వస్తోందా’ అని అడగండి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. వస్తోందంటే మాత్రం క్షణం కూడా ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అమ్మా, మానసిక వైద్యుల ఊసే మీ ఉత్తరంలో లేదు. ఈ వారమే తీసుకెళ్లండి, నాన్ననూ వెంట రమ్మనండి. మందులు రాస్తే మీ అంతట మీరు ఆపకండి, వాటిని మీ దగ్గరే తాళం వేసి ఉంచండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి పగలైనా రాత్రైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి.

ఎందుకు ఆ స్థితికి వెళ్లిందో మీరు ఒక్క ముక్కా రాయలేదు. బహుశా మీకూ చెప్పి ఉండదు. ఈ రాత్రి ఆయన లేచినప్పుడు మీరూ లేవండి. అమ్మాయి మేలుకొని ఉంటే ఆయనను లోపలికి పంపి, మీరు వంటింట్లోకి వెళ్లి పాలు వెచ్చబెట్టండి.