నూనె రాయడమా, పట్టించడమా?

సందేహం: మా తాతగారి పాత షెఫీల్డు (కత్తులకు పేరుపడ్డ ఇంగ్లండు ఊరు) మంగలికత్తికి అలుగు (బ్లేడు) మడిచి పెట్టుకునే నల్లకొమ్ము పిడి ఉంది. ఎండి తెల్లబారి, శీల దగ్గర పొర లేచింది. నాలుగు రోజులు, తోలు సామానుకు రాసే నీట్స్‌ఫుట్ ఆయిల్‌లో ఉంచి తుడిస్తే నలుపు తేలింది. ఆ సంగతి రాసి 'శృంగపిడి పునరుద్ధరణ, కండిషనింగ్' అని పేరు పెట్టాను. నూనెను 'డెక్కల నూనె' అన్నాను. సరేనా?

సమాధానం: శృంగం సంస్కృతం, పిడి తెలుగు, రెంటినీ అతికితే వైరిసమాసం. వ్యాకరణం మాట అటుంచినా, కొమ్ము ఉండగా శృంగం దేనికండీ? అయితే ఉత్త కొమ్ము అన్నా చిక్కే. మనకు ఏనుగు దంతమూ కొమ్మే, దుప్పిదీ కొమ్మే, ఆఖరికి పసుపూ కొమ్మే. దుప్పికొమ్ము ఎముక. గేదెకొమ్ము మన గోళ్ల జాతిది, కెరటిన్. మీది గేదెదే అయితే 'గేదెకొమ్ము పిడి' అని విప్పి చెప్పండి. తెలంగాణలో బర్రెకొమ్ము.

పునరుద్ధరణ కరెంటు సరఫరాకు, జీర్ణోద్ధరణ గుడికి. పిడిని బాగుచేశాను అంటే చాలు. గరుకు పోయేలా రుద్దితే నునుపు చేయడం, ఆపైన మెరుగు పెట్టడం. సానపట్టేది అలుగుకే.

ఇక కండిషనింగ్. ఇక్కడ తెలుగుకు కొదవ లేదు. రాయడం పైపైన జరిగే పని. పూత పైన నిలవాలి, గడపకు పసుపు పూసినట్టు. పట్టించడం వేరు. ముక్కలకు ఉప్పూ కారం పట్టిస్తాం, పిల్లల మాడుకు నూనె పట్టిస్తాం. పట్టుకు ప్రేరణార్థకం పట్టించు. పట్టవలసింది ఉప్పూ కారం, పట్టించేది మనం. మీరు నాలుగు రోజులు ఆగింది నూనె కొమ్ముకు పట్టాలనే కదా? కాబట్టి 'గేదెకొమ్ము పిడికి నూనె పట్టించడం' అనండి. లేచిన పొర దానంతట అది అతుక్కోదు, కాబట్టి 'అతికించాను' అని విడిగా రాయాలి, నిజంగా అతికించి ఉంటేనే.

డెక్కల నూనె మాత్రం తప్పు. నీట్ అంటే పాత ఇంగ్లీషులో గొడ్డు, అంటే ఆవూ ఎద్దూ. 'నీటుగా ఉన్నాడు' అనే మన నీటుతో దీనికి చుట్టరికం లేదు. ఆ నూనె తీసేది కాళ్ల ఎముకల నుంచి. డెక్కలో నూనె ఎక్కడిది, అదీ కొమ్ములాంటిదే! 'గొడ్డుకాళ్ల నూనె' అనవచ్చు. వినడానికి మోటుగా ఉందనుకుంటే ఇంగ్లీషు పేరే ఉంచేయండి.