డిటెక్టివ్, హారర్ నవలలు చదివితే టైమ్ వేస్టా?

కాదు. "అవి కాలక్షేపానికి, అసలు సాహిత్యం వేరు" అనే మాటను నేను ఒప్పుకోను. ఒకప్పుడు తెలుగువాళ్లలో ఎంతోమందికి చదివే అలవాటు అద్దె పుస్తకాల షాపుల్లోనే పడింది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు, ఆ తర్వాత మధుబాబు గారి గూఢచారి షాడో ఆ పాఠకుల చేత చదివించారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం అనే తెలుగు సాహిత్య చరిత్ర రాసిన ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. ఆయనకు లేని చిన్నచూపు మనకెందుకు?

మంచి అపరాధ పరిశోధన నవల ఆధారాలన్నీ మన కళ్ల ముందే పెడుతుంది, కానీ మన చూపును పక్కకు తిప్పుతుంది. ఎవరు అబద్ధమాడుతున్నారు, ఈ చిన్న వివరం ఇక్కడెందుకుంది అని ఆగి ఆలోచిస్తూ చదవాలి. హంతకుడెవరో తెలిశాక మళ్లీ చదవండి, రచయిత పనితనం అప్పుడే తెలుస్తుంది. రెండో పఠనానికి నిలవకపోతే అది బలహీనమైన నవలే, అలాంటివీ బోలెడు ఉన్నాయి.

హారర్ సంగతి కాస్త వేరు. యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. సీరియల్లో ప్రతి భాగమూ ఉత్కంఠ దగ్గర ఆగాలి, వారమంతా పాఠకుడు ఊహిస్తూ ఉండాలి. అలాంటి నవలను ఒక్క రాత్రిలో ముగిస్తే మలుపులు మరీ ఎక్కువయ్యాయని అనిపిస్తుంది. రోజుకు రెండు అధ్యాయాలు చాలు.