మీటింగ్‌కి వెళ్లొచ్చిన ప్రతిసారీ ఇంట్లో గొడవే

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. పేరెంట్స్ మీటింగ్‌కి వెళ్తే ప్రతిసారీ ‘తెలివైనవాడే, కానీ శ్రద్ధ లేదు, కబుర్లెక్కువ’ అంటారు టీచర్. తలూపి వచ్చేస్తాను. ఇంటికొచ్చి వాణ్ణి తిడతాను. ఈమధ్య మీటింగ్ అనగానే వాడికి కడుపునొప్పి వస్తోంది. మావారేమో ‘నువ్వెళ్లు చాలు’ అంటారు. వచ్చే వారం మళ్లీ మీటింగ్. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: ముందు ఆ కడుపునొప్పిని నాటకం అనుకోకండి. భయంతో పిల్లలకు నిజంగానే నొప్పి వస్తుంది. మామూలు రోజుల్లోనూ వస్తుంటే డాక్టరుకు చూపించండి.

‘శ్రద్ధ లేదు’ అన్న మాట పట్టుకుని ఇంటికొస్తే మీరు చేయగలిగింది ఏముంది? ఏమీ లేదు. అందుకే తిట్టడం ఒక్కటే మిగులుతోంది. ఈసారి అక్కడే ఆగి అడగండి. ఏ పీరియడ్‌లో అలా ఉంటున్నాడు? పాఠం వింటున్నప్పుడా, రాసేటప్పుడా? ఎక్కడ కూర్చుంటున్నాడు?

లెక్కల ఆన్సర్ షీటు తీసి చూపించమనండి. మార్కులు సరే, తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. లెక్క చేసిన పద్ధతంతా సరిగ్గానే ఉండి, బోర్డు మీది 68ని 63 అని ఎక్కించుకుంటే? ఒకసారి తొందరపాటు కావచ్చు. నోట్సులోనూ అదే వరస కనిపిస్తే ముందు కళ్లు పరీక్ష చేయించండి. బోర్డు కనిపించని పిల్లాడు పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూస్తాడు, ‘అదేంట్రా’ అని అడుగుతాడు. టీచర్‌కి అవి కబుర్లే. తనకు సరిగా కనిపించడం లేదని వాడు చెప్పకపోవచ్చు. అందరికీ అంతే కాబోలు అనుకుంటాడు. అలా కాకుండా మొదటి స్టెప్పే రాకపోతే కింది తరగతిలో ఏదో పాఠం అర్థం కాకుండా మిగిలిపోయి ఉండొచ్చు. దానికి తిట్లు మందు కాదు కదా.

మీరు చెప్పాల్సినవీ ఉన్నాయి. రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నాడు, హోంవర్కు దగ్గర ఎక్కడ చికాకుపడుతున్నాడు, ఇంట్లో ఈమధ్య ఏమైనా మారిందా. కడుపునొప్పి సంగతి కూడా చెప్పండి. మొహమాటపడకండి, చెప్పకపోతే ఆవిడకు తెలిసే దారి లేదు.

దొరికేది అయిదు పది నిమిషాలు. రెండు ప్రశ్నలు చీటీ మీద రాసుకుని వెళ్లండి. అందులో ఒకటి వాడిదే ఉండాలి: ‘టీచర్‌ని నీ తరఫున ఏమైనా అడగనా?’ అని ముందురోజే కనుక్కోండి. పక్కపిల్లల మార్కుల ఊసెత్తొద్దు. మాట తెగకపోతే మరో రోజు రావచ్చా అని అడగండి, చాలామంది కాదనరు. లేచేముందు ఒక్క పని తేల్చుకోండి. సీటు ముందుకు మార్చడమో, రెండు వారాలాగి డైరీలో ఓ ముక్క రాయమనడమో, ఏదో ఒకటి.

వాడు బాగా చేస్తున్నది ఒకటి చెప్పమని టీచర్‌ని తప్పకుండా అడగండి. ‘మంచివాడే’ అంటే చాలదు, ఫలానా రోజు ఫలానా పని అని కావాలి. ఇంటికొచ్చాక ముందు అదే చెప్పండి. తర్వాత వాడు అడగమన్నదానికి జవాబు. మార్చుకోవాల్సింది ఆ తర్వాత, అదీ ఒక్కటే.

ఇక మీవారి విషయం. వీలైతే ఈసారి ఇద్దరూ వెళ్లండి, ఒకరు మాట్లాడుతుంటే ఒకరు వింటారు. ఆయనకు సెలవు దొరక్కపోతే, ఆ సాయంత్రం బాబుతో మాట్లాడే పని ఆయనకే అప్పగించండి. ఫిర్యాదులు మోసుకొచ్చేది ఎప్పుడూ అమ్మే అయితే వాడు మీకే దూరమవుతాడు.