రాత్రి తోముకుంటున్నారా?

మొన్న ఆగస్టులో అమెరికాకి మాస్టర్స్ చదవడానికి వచ్చిన ఒకమ్మాయి అడిగింది: "అక్కా, చల్లనీళ్ళు తాగితే పన్ను జివ్వుమంటోంది. యూనివర్సిటీ ఇన్సూరెన్స్‌లో చూపించుకోవచ్చా?"

చాలా యూనివర్సిటీల్లో కుదరదమ్మా. ఇక్కడ ఒంటికి ఒక ఇన్సూరెన్స్, పళ్ళకి వేరే ఇన్సూరెన్స్. రేపు ఉద్యోగం వచ్చాక కంపెనీ డెంటల్ ప్లాన్ ఇచ్చినా, ఏడాదికి 1,000 నుంచి 2,000 డాలర్ల దగ్గర ఆపేసే ప్లాన్లే ఎక్కువ. ఒక్క రూట్ కెనాల్, దాని మీద క్యాప్ పడితే అదంతా అయిపోతుంది.

నేనూ వచ్చిన కొత్తలో ఇలాగే, ఇండియా వెళ్ళినప్పుడు చూద్దాంలే అని లవంగం అదుముకుంటూ పది నెలలు నెట్టాను. సరిగ్గా పరీక్షల వారంలో దవడ వాచింది. మొదట్లోనే వెళ్ళి ఉంటే సిమెంట్ పెట్టి పంపేవారు. చివరికి పన్నే పీకించుకున్నాను.

మన ఇళ్ళలో పళ్ళు తోముకోవడం పొద్దుటి పని. పాచి మొహంతో కాఫీ అడిగితే అమ్మ ఊరుకోదు. ఆ అలవాటు మంచిదే. కానీ రాత్రి అన్నం తిని, ఫోన్ చూస్తూ ఏదో నములుతూ అలాగే పడుకుంటాం. పగలంతా పళ్ళని కడిగి కాపాడేది లాలాజలం. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. పళ్ళ సందుల్లో ఇరుక్కున్న అన్నం, తీపి తిని పాచిలోని బాక్టీరియా ఆమ్లం వదులుతూ ఉంటుంది. పన్ను పుచ్చేది దానివల్లే. అందుకే పడుకునే ముందు తోముకోవడం మాత్రం ఎంత అలసటగా ఉన్నా మానొద్దంటాను.

మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచున ఏటవాలుగా పెట్టి, రెండు నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. గిన్నెలు తోమినట్టు రుద్దితే చిగుళ్ళు అరిగిపోతాయి. నురగ ఉమ్మేశాక నీళ్ళతో పుక్కిలించకండి. మనకి ఇది చాలా కష్టం, నాకు అలవాటు కావడానికి నెల పట్టింది. కానీ పన్ను పుచ్చకుండా కాపాడేది పేస్టులోని ఫ్లోరైడే, అది పంటి మీద నిలవాలంటే అదే దారి. బ్రష్ దూరని సందులకి రోజూ ఒకసారి ఫ్లాస్, అంటే పళ్ళ మధ్య దూర్చి లాగే సన్నటి దారం, వాడండి. మొదట్లో కొంచెం రక్తం కనిపిస్తుంది, ఆపేయకండి. రెండు వారాలైనా తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి.

మాది నల్గొండ వైపు. ఫ్లోరైడ్ మాట వింటేనే మా ఊళ్ళో వంగిపోయిన నడుములు, గార పట్టిన పళ్ళు గుర్తొస్తాయి. ఆ భయంతో చాలాకాలం ఫ్లోరైడ్ లేని పేస్టే కొన్నాను. అది పొరపాటు. అక్కడి బోరు నీళ్ళలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్‌ని మనుషులు ఏళ్ళ తరబడి తాగారు. ఇక్కడ కుళాయి నీళ్ళలో కలిపే చోట సిఫార్సు చేసిన మోతాదు 0.7 మాత్రమే. పేస్టయితే ఉమ్మేసేదే. మింగేస్తారు కాబట్టి పసిపిల్లలకి మాత్రం జాగ్రత్త: మూడేళ్ళలోపు బియ్యపు గింజంత, ఆపైన ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత చాలు.

ఇంకో మాట. ల్యాబ్‌లో ఫ్లాస్కు పెట్టుకుని పొద్దంతా తీపి టీ గుక్కగుక్కగా తాగొద్దు. తాగేదేదో ఒకేసారి తాగేయండి.

ఇక ఆ జివ్వుమనే పన్ను సంగతి. మీ ఊళ్ళో, లేదా దగ్గర్లో డెంటల్ కాలేజీ ఉందేమో వెతుకు. ప్రొఫెసర్ల పర్యవేక్షణలో విద్యార్థులే వైద్యం చేస్తారు, బయటికంటే చాలా తక్కువ తీసుకుంటారు. టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది, ఒక పూట ఖాళీ పెట్టుకో. సెమిస్టర్ అయ్యేదాకా ఆగకు, ఈ వారమే ఫోన్ చెయ్యి.