డాలస్‌కు మారితే చేతిలో మిగిలేది ఎంత?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో నెలకు 2,600 డాలర్ల అద్దెకు రెండు పడక గదుల అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాం. 401(కె) (రిటైర్మెంట్ పొదుపు) జమ పోగా నా జీతం ఏడాదికి 1.50 లక్షల డాలర్లు, నా భార్యది 80 వేల డాలర్లు. నాది హెచ్-1బి ఉద్యోగ వీసా, గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్‌కు ఆమోదం వచ్చింది. ఆమె హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వారి జీవిత భాగస్వామికి ఇచ్చే పని అనుమతి కార్డు) మీద ఎడిసన్‌లోనే పని చేస్తోంది. నేను రైల్లో నెవార్క్ వెళ్లి వస్తాను కాబట్టి ఇంట్లో ఒకే కారు. బాబు ఏడో తరగతి. పాపకు వచ్చే సెప్టెంబర్ 20కి అయిదేళ్లు నిండుతాయి. మా కంపెనీ డాలస్ ఆఫీసుకు బదిలీ ఇస్తానంటోంది, అయితే జీతం 5 శాతం తగ్గుతుంది. అక్కడ స్టేట్ ట్యాక్స్ లేదని, ఇదే డబ్బుకు పెద్ద ఇల్లు వస్తుందని స్నేహితులందరూ వచ్చేయమంటున్నారు. చేతిలో 1.40 లక్షల డాలర్లున్నాయి. ఫ్రిస్కోలో 5.60 లక్షల డాలర్ల కొత్త ఇల్లు చూశాం. చాలకపోతే గుంటూరులోని స్థలం అమ్ముదామనుకుంటున్నాం. వెళ్లమంటారా?

జవాబు: వెళ్లవచ్చు. కానీ ఆ ఇల్లు ఇప్పుడు కొనకండి, స్టేట్ ట్యాక్స్ లేదన్న ఒక్క కారణంతో మాత్రం వెళ్లకండి. డాలస్‌కు మారడానికి మీకు మంచి కారణాలే ఉన్నాయి గానీ, మీ స్నేహితులు ముందుగా చెబుతున్న కారణం వాటన్నింటిలో బలహీనమైనది.

ముందు ఆ లెక్కే చూద్దాం. టెక్సాస్‌లో వ్యక్తిగత ఆదాయ పన్ను లేని మాట నిజం. భవిష్యత్తులో విధించడానికి కూడా వీల్లేకుండా 2019లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించారు. మీ ఇద్దరి జీతాల మీద న్యూజెర్సీకి మీరు ఇప్పుడు కడుతున్నది, మినహాయింపులు పోగా, ఏడాదికి దాదాపు 10 వేల డాలర్లు. ఇది మొత్తం మిగులుతుందని మీరు అనుకుంటున్నారు. మీ జీతంలో 5 శాతం కోత అంటే 7,500 డాలర్లు, ఫెడరల్ పన్ను, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పోగా మీ చేతికి రాకుండా పోయేది సుమారు 5,300 డాలర్లు. అంటే మిగులు అక్కడికక్కడే 4,700కి దిగింది. ఇక ఫ్రిస్కోలో ఒక్క కారుతో ఇద్దరు ఉద్యోగాలు చేయడం జరగని పని. ఆ ఊరు డాలస్ ప్రజా రవాణా సంస్థ డార్ట్‌లో సభ్యత్వం ఉన్న ఊరు కాదు, కాబట్టి నెవార్క్ రైలు లాంటిది అక్కడ మీకు దొరకదు. రెండో కారు వాయిదా, దాని బీమా, పెట్రోలు, డాలస్ నార్త్ టోల్‌వే, సామ్ రేబర్న్ టోల్‌వేల మీద రోజూ పడే టోల్ అన్నీ కలిపి, మీ రైలు పాస్ ఖర్చును అందులోంచి తీసేసినా, నెలకు 600 డాలర్లు అదనమని వేసుకుంటే ఏడాదికి 7,200 అవుతుంది. స్టేట్ ట్యాక్స్ రూపంలో మిగిలిందనుకున్నది ఇక్కడితో పూర్తిగా ఖర్చయిపోయి, మరో 2,500 డాలర్లు ఎదురు పెట్టుకోవలసి వస్తోంది. ఇందులో ఇల్లు కొన్న లెక్క ఇంకా కలపనే లేదు.

వీటన్నింటికంటే పెద్ద అంకె మీ ప్రశ్నలో ఎక్కడా లేదు. బదిలీ ఇస్తున్నది మీకు, మీ శ్రీమతికి కాదు. ఆమె ఎడిసన్ ఉద్యోగం మానేసి డాలస్‌లో కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి 5 నెలలు పట్టిందనుకుంటే, పన్నులు పోగా ఇంటికి రాని జీతం 23 వేల డాలర్ల పైమాటే. రెండేళ్లకు పైగా మిగలాల్సిన స్టేట్ ట్యాక్స్ అంతా ఆ 5 నెలల్లోనే పోతుంది. హెచ్-4 ఈఏడీ మీద ఉన్నవారిని తీసుకోవడానికి కొన్ని సంస్థలు వెనకాడుతుంటాయి, పైగా ఆ కార్డు గడువు దగ్గర పడుతుంటే ఇంకా కష్టం. కాబట్టి ఆమె తన ఉద్యోగాన్ని కొంతకాలమైనా డాలస్ నుంచే చేయడానికి యజమాని ఒప్పుకుంటారేమో ముందుగా కనుక్కోవడం, ఒప్పుకోకపోతే ఎడిసన్‌లో ఉంటూనే డాలస్ ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టడం మీరు చేయవలసిన మొదటి పని. ఇల్లు చూడటం కాదు.

ఇంటి సంగతికి వస్తే, టెక్సాస్ ఆదాయం మీద వదిలేసిన పన్నును ఇంటి మీద వసూలు చేస్తుంది. ఫ్రిస్కో ప్రాంతంలో స్కూల్ డిస్ట్రిక్ట్, నగరం, కౌంటీ, కాలేజీ పన్నులన్నీ కలిపి విలువలో సుమారు 1.7 శాతం అనుకుందాం. సొంతంగా నివసించే ఇంటికి హోమ్‌స్టెడ్ మినహాయింపు ఉంటుంది. స్కూల్ పన్ను లెక్కలో ఇది 1 లక్ష డాలర్లుగా ఉండేది, 2025 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించడంతో 1.40 లక్షలకు పెరిగింది. దీన్ని తీసివేశాక మీరు చూసిన ఇంటి మీద ఏడాదికి 8,100 డాలర్ల ప్రాంతంలో పన్ను పడుతుంది. అయితే అది కొత్త ఇల్లు అన్నారు కాబట్టి ఒక విషయం తప్పకుండా అడగాలి: ఆ వెంచర్ మడ్ (మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్) పరిధిలో ఉందా, పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) పరిధిలో ఉందా? ఊరు విస్తరిస్తున్న చోట నీళ్లు, మురుగు, రోడ్ల ఖర్చు కోసం తెచ్చిన అప్పును ఆ ఇళ్ల యజమానుల మీదే వేస్తారు. బిల్డర్ మోడల్ హోమ్‌లో కూర్చోబెట్టి చూపించే కాగితంలో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. మడ్ పన్ను 0.6 శాతం ఉందనుకున్నా పైన చెప్పిన దానికి మరో 3,300 డాలర్లకు పైగా కలుస్తుంది, అప్పుడు మీరు న్యూజెర్సీకి కట్టే ఆదాయ పన్నుకంటే ఎక్కువే టెక్సాస్‌లో ఇంటికి కడతారు.

కొత్త ఇంట్లో మరొక చిక్కుంది. పన్ను కోసం ఇంటి విలువను జనవరి 1న ఉన్న స్థితిని బట్టి లెక్కిస్తారు. ఆ రోజుకు అక్కడ ఖాళీ స్థలమో, సగం కట్టిన గోడలో ఉంటే మొదటి ఏడాది బిల్లు చాలా తక్కువగా వస్తుంది, లోన్ కంపెనీ ఎస్క్రో (పన్ను, బీమాల కోసం వాయిదాతో పాటు నెలనెలా వసూలు చేసి ఉంచే సొమ్ము) కూడా దాని ప్రకారమే తక్కువ పెడుతుంది. రెండో ఏడాది పూర్తి ఇంటి మీద బిల్లు రాగానే, పెరిగిన పన్నుతో పాటు పోయిన ఏడాది ఎస్క్రోలో తగ్గిన సొమ్ము కూడా కలిపి నెలవారీ వాయిదా ఒక్కసారిగా కొన్ని వందల డాలర్లు పెరుగుతుంది. వాయిదా పెరిగిందన్న ఉత్తరం చూసి కంగారుపడి నాకు రాసేవారు ప్రతి ఏడాదీ ఉంటారు. కొన్నవెంటనే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌లో (పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే స్థానిక కార్యాలయం) హోమ్‌స్టెడ్ దరఖాస్తు ఉచితంగా చేసుకోవచ్చు, డ్రైవింగ్ లైసెన్స్ మీద కొత్త చిరునామా ఉంటే చాలు. దీనికి రుసుము కట్టమని ఇంటికి వచ్చే ప్రైవేటు ఉత్తరాలను పక్కన పడేయండి.

బీమా మరొక భారం. ఉత్తర టెక్సాస్‌లో వసంతకాలం వస్తే వడగళ్ల వాన ఇంటి పైకప్పులను దెబ్బతీస్తుంది, అందుకే అక్కడి గృహ బీమా ప్రీమియం ఎక్కువ. నేను ఏడాదికి 4 వేలు వేశాను, మీరు అదే ఇంటికి కనీసం మూడు కంపెనీల దగ్గర ధర తీసుకోండి. ప్రీమియం కంటే ముఖ్యంగా పాలసీ మొదటి పేజీలో గాలి, వడగళ్ల డిడక్టిబుల్ అన్న వరుసను చూడండి. అక్కడ డాలర్లలో కాకుండా 1 శాతం, 2 శాతం అని రాసి ఉంటుంది. ఇంటి బీమా విలువ 4.50 లక్షలైతే 2 శాతం అంటే 9 వేల డాలర్లు, అంతవరకు నష్టం మీరే భరించాలి. పైకప్పు వయసు పెరిగేకొద్దీ పూర్తి ఖరీదు ఇవ్వకుండా తరుగు తీసి ఇచ్చే పాలసీలు కూడా ఉన్నాయి, అవి చౌకగా కనిపిస్తాయి.

ఇప్పుడు నెల లెక్క. 20 శాతం, అంటే 1.12 లక్షల డాలర్లు ముందు కట్టి, మిగిలిన 4.48 లక్షలను 6.5 శాతం వడ్డీకి 30 ఏళ్లకు తీసుకుంటే వాయిదా 2,832 డాలర్లు. మడ్ లేదనే అనుకుని పన్ను 675, బీమా 333, హెచ్‌ఓఏకు (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) 80 కలిపితే 3,920. మరమ్మతులకు ఏడాదికి ఇంటి విలువలో 1 శాతం పక్కన పెట్టాలి కాబట్టి అసలు ఖర్చు 4,390 దాకా వస్తుంది. అక్కడి నల్లరేగడి నేల ఎండకు నెర్రెలిచ్చి వానకు ఉబ్బడం వల్ల పునాదులు కదులుతుంటాయి, కనుక ఈ 1 శాతాన్ని ఎక్కువనుకోకండి. ఇదే ప్రాంతంలో నాలుగు గదుల ఇంటికి అద్దె 2,900 అనుకుంటే, కొనడం వల్ల నెలకు దాదాపు 1,500 డాలర్లు ఎక్కువ ఖర్చవుతుంది, అందులో అప్పు అసలు కింద జమయ్యేది మొదటి నెలలో 405 మాత్రమే. ‘లోన్ ఉంటే పన్ను బాగా తగ్గుతుంది’ అన్నది మన వాళ్లలో బలంగా నాటుకుపోయిన నమ్మకం. మొదటి ఏడాది వడ్డీ 29 వేలు, ఇంటి పన్ను 8 వేలు కలిపి 37 వేలు. లోన్ ఏమీ లేకపోయినా దంపతులకు ఫెడరల్ పన్నులో అందరికీ ఇచ్చే స్టాండర్డ్ డిడక్షన్ (మినహాయింపు) 2025లోనే 31,500. తేడా మీద మీకు తగ్గే పన్ను పన్నెండు వందల డాలర్లు.

ఇంకో ప్రమాదం గడువుది. మూడేళ్లలో ఏ కారణంతోనైనా ఇల్లు అమ్మాల్సి వస్తే ఏజెంట్ల కమిషన్, ఇతర ఖర్చులకు 6 శాతం పోయినా 33 వేల డాలర్లకు పైగా అవుతుంది. అప్పటికి మీరు తీర్చిన అసలు 16 వేలే. ఉద్యోగం పోతే హెచ్-1బి మీద ఉన్నవారికి 60 రోజుల గడువు ఉంటుంది. డౌన్ పేమెంట్, క్లోజింగ్ (కొనుగోలు పూర్తిచేసే) ఖర్చులు పోగా మీ దగ్గర మిగిలేది 16 వేలు. మీ ఇంటి ఖర్చు నెలకు 7 వేలని వేసుకుంటే అది రెండు నెలలకు పైగా మాత్రమే వస్తుంది. కనీసం 6 నెలల ఖర్చు, అంటే 42 వేల డాలర్లు, బ్యాంకులో విడిగా ఉండేవరకు ఇల్లు కొనకూడదని నా స్థిరమైన అభిప్రాయం. గుంటూరు స్థలం అమ్మి దీన్ని పూడ్చుకుందామన్న ఆలోచన నాకు నచ్చలేదు. ఎన్నారై అమ్మితే కొన్నవారు పన్ను ముందే మినహాయించి కడతారు, 2024 జులై తర్వాత దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను, ఎన్నారైలకు ఇండెక్సేషన్ (ద్రవ్యోల్బణం మేరకు కొన్న ధరను పెంచి లాభాన్ని తగ్గించి చూపే వీలు) లేదు, అమెరికాలోనూ ఆ లాభాన్ని చూపాలి. ఇంత చేసి తెచ్చిన డబ్బును వీసా గడువుతో ముడిపడిన ఇంట్లో పెట్టడం కంటే ఆ స్థలాన్ని అలాగే ఉంచడం మేలు.

ఇంత చెప్పాక కూడా వెళ్లవచ్చని ఎందుకన్నానంటే, మీరు పదేళ్లు ఒకే చోట ఉండి నాలుగు గదుల ఇల్లు కొనుక్కోవాలనుకుంటే ఎడిసన్‌లో అది మీ ఆదాయానికి అందదు. న్యూజెర్సీలో ఆదాయ పన్నుకు తోడు ఇంటి పన్ను కూడా ఉంది, 2024లో రాష్ట్రమంతటి సగటు బిల్లే 10 వేల డాలర్లు దాటింది. డాలస్‌లో లాభం పన్నులో కాదు, ఇంటి ధరలో ఉంది. ప్లానో, ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో పెద్ద కంపెనీలు చాలా ఉన్నాయి కాబట్టి ఒక ఉద్యోగం పోయినా ఊరు మారకుండా మరొకటి వెతుక్కునే వీలుంది. తెలుగువారు ఎంతమంది ఉన్నారో చెప్పనక్కర్లేదు, ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ ఆలయానికి శనివారం వెళ్లి చూడండి. అయితే మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఓక్ ట్రీ రోడ్డు మీద నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చుకున్నట్టు అక్కడ కుదరదు, గుమ్మం దాటాలంటే కారు కావాలి. జులై, ఆగస్టుల్లో 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటే ఎండకు కరెంటు బిల్లు కూడా గట్టిగానే వస్తుంది.

పిల్లల విషయంలో రెండు మాటలు. టెక్సాస్‌లో కిండర్‌గార్టెన్‌కు సెప్టెంబర్ 1 నాటికి అయిదేళ్లు నిండి ఉండాలి, న్యూజెర్సీలో చాలా ఊళ్లలో అక్టోబర్ 1. మీ పాప పుట్టినరోజు సెప్టెంబర్ 20 కాబట్టి టెక్సాస్‌కు వెళ్తే పాపకు ఇంకో ఏడాది డేకేర్ తప్పదు, ఆ ఫీజును బదిలీ ఖర్చుల్లో కలపండి. బాబు విషయానికొస్తే, టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు హైస్కూల్లో పై 10 శాతంలో ఉన్నవారికి నేరుగా సీటిస్తాయి, ఆస్టిన్‌లోని ప్రధాన విశ్వవిద్యాలయానికి ఈ వాటా ఇంకా తక్కువ. మంచి పేరున్న స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఆ 10 శాతంలో నిలవడం అంత సులభం కాదు. ‘మంచి స్కూలు’ కోసం ఇంటికి ఎక్కువ ధర పెట్టేముందు ఇది తెలిసి ఉండాలి.

కాబట్టి మీ శ్రీమతికి ఉద్యోగం కుదిరాక వెళ్లండి, ఒక ఏడాది అద్దె ఇంట్లో ఉండండి, ఆ ఏడాదిలో 1.40 లక్షలను అధిక వడ్డీ సేవింగ్స్ ఖాతాలోనో, ట్రెజరీ బిల్లుల్లోనో ఉంచి, వీలైనంత దానికి కలపండి. ట్రెజరీ వడ్డీ మీద రాష్ట్ర పన్ను ఎక్కడా ఉండదు గానీ టెక్సాస్‌లో మీకు ఆ తేడా పట్టదు, కాబట్టి ఎక్కడ వడ్డీ ఎక్కువైతే అక్కడ పెట్టండి.

చివరగా కంపెనీ వాళ్లతో మాట్లాడవలసినది. జీతం కోతను తగ్గించమనండి, సామాను తరలింపు ఖర్చు అడగండి. ఆ ఖర్చు ఇస్తే అది పన్ను పడే ఆదాయమని గుర్తుంచుకుని, పన్ను కూడా వాళ్లే భరించేలా ఇమ్మనండి. అంతకంటే ముఖ్యం, న్యూజెర్సీ నుంచి డాలస్‌కు పనిచేసే చోటు మారితే హెచ్-1బి సవరణ పిటిషన్ మీరు అక్కడ పని మొదలుపెట్టకముందే దాఖలు కావాలి. గ్రీన్ కార్డుకు సంబంధించిన లేబర్ సర్టిఫికేషన్ (కార్మిక శాఖ ఆమోదం) కూడా పనిచేసే చోటుతో ముడిపడి ఉంటుంది, అది మళ్లీ చేయాల్సి వస్తే మీ ప్రయారిటీ డేట్ (గ్రీన్ కార్డు వరుసలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ) నిలుస్తుంది గానీ ప్రక్రియ కొత్తగా నడవాలి. ఆ ఖర్చు, ఆ బాధ్యత తమవేనని కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చి, సవరణ దాఖలైన రసీదు నంబరు మీ చేతికి వచ్చేవరకు ఎడిసన్ అపార్ట్‌మెంట్ ఖాళీ చేస్తున్నట్టు నోటీసు ఇవ్వకండి.