మీ తమ్ముడి కిడ్నీ రిపోర్టు గురించి

చిరంజీవికి మీ పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

తమ్ముడి ఆపరేషన్ బాగా జరిగిందనీ, కణితి మేరకే తీసి కిడ్నీని నిలబెట్టారనీ తెలిసి మనసు కుదుటపడింది. అయితే నువ్వు పంపిన రిపోర్టులో ‘ఎస్‌డీహెచ్ లోపం ఉన్న రీనల్ సెల్ కార్సినోమా’ (ఒక రకం కిడ్నీ క్యాన్సర్) అన్న పంక్తిని మీరెవరూ పట్టించుకున్నట్టు లేదు. ఇన్నేళ్లు మైక్రోస్కోపు ముందు కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఆ పంక్తి తమ్ముడి ఒక్కడిది కాదు, మీ ఇంటిల్లిపాదిదీ.

మన కణాల్లోని మైటోకాండ్రియాలో సక్సినేట్‌ను ఫ్యూమరేట్‌గా మార్చే ఎంజైము పేరే సక్సినేట్ డీహైడ్రోజినేజ్, పొట్టిగా ఎస్‌డీహెచ్. అది పనిచేయకపోతే సక్సినేట్ పేరుకుపోయి, ఆక్సిజన్ సరిపడా ఉన్నా అందనట్టే కణం నడుచుకుంటుంది. దీన్ని పట్టిచ్చేది ఆ ఎంజైములోని ఒక భాగమైన ఎస్‌డీహెచ్‌బీ కోసం చేసే రంగు పరీక్ష: స్లైడు మీద రక్తనాళాల గోడల్లో గోధుమరంగు చుక్కలు స్పష్టంగా కనిపిస్తుంటే, వాటి పక్కనే కణితి కణాలు రంగు పట్టకుండా వెలవెలబోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో దీనికి చోటు దక్కింది 2016లోనే. అంతకుముందు నేను ప్రమాదం లేని ఆంకోసైటోమా అనే కిడ్నీ కణితి అని సంతకం చేసిన వాటిలో ఇలాంటిది ఒకటైనా ఉండి ఉంటుందన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

కాబట్టి ముందుగా ఆసుపత్రికి వెళ్లి, కణితి ముక్కలు పొదిగిన మైనపు బ్లాకులు, స్లైడులు రాతపూర్వకంగా అడిగి తెచ్చుకో. ఎండలో నిలిపిన కారులో వాటిని వదలవద్దు, మైనం కరుగుతుంది. తర్వాత తమ్ముడిని జెనెటిక్స్ డాక్టరుకు చూపించు; హైదరాబాదులో నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. ఈ జబ్బు ఉన్నవారిలో ఎక్కువమందికి ఎస్‌డీహెచ్ జన్యువుల్లో, అందులోనూ తరచుగా ఎస్‌డీహెచ్‌బీలో, పుట్టుకతో వచ్చిన మార్పు ఉంటుంది. అతనిలో ఆ మార్పు ఏదో తేలకముందే మీరందరూ రక్తం ఇస్తే డబ్బు వృథా. తేలాక మాత్రం నువ్వూ చెల్లెలూ వెనుకాడకండి, తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ అది వచ్చే అవకాశం సగానికి సగం. మార్పు ఉన్న ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ వస్తుందనుకోవద్దు, చాలామందికి కిడ్నీలో ఏమీ రాదు.

నేను మరీ గట్టిగా చెప్పదలచినది మరొకటి ఉంది. ఈ మార్పు ఉన్నవారికి అడ్రినల్ గ్రంథిలో ఫియోక్రోమోసైటోమా, మెడలోనో పొట్టలోనో పారాగాంగ్లియోమా అనే కణితులు రావచ్చు. వాటి నుంచి వెలువడే హార్మోన్ల వల్ల మత్తు ఇచ్చే వేళ బీపీ ప్రాణాపాయంగా ఎగబాకవచ్చు. అందుకని తమ్ముడికి ఇకపై ఏ ఆపరేషన్ చేయవలసి వచ్చినా, అది పంటిదైనా సరే, ముందుగా మెటానెఫ్రిన్ల (ఆ హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాల) రక్తపరీక్ష చేయించి, మత్తు డాక్టరుకు ఈ రిపోర్టు చూపించాలి. రక్తం తీసే ముందు అరగంట సేపు పడుకోబెట్టమని అడుగు, వాడుతున్న మందులన్నీ చెప్పు.

కణితి తక్కువ గ్రేడుది కనుక చాలావరకు శస్త్రచికిత్సతోనే నయమవుతుంది, కానీ ఏళ్ల తర్వాత కూడా తిరిగి రావచ్చు, రెండో కిడ్నీలోనూ రావచ్చు. డాక్టరు చెప్పిన గడువుకు ఎంఆర్ఐ మానవద్దు.

మీ మేనమామ చిన్న వయసులోనే హెర్నియా ఆపరేషన్ బల్ల మీద బీపీ పెరిగి పోయాడు కదా. అప్పటి కాగితాలు ఏమైనా దాచిందేమో అమ్మను నెమ్మదిగా అడిగి, జెనెటిక్స్ డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లు.

ఇట్లు,
మీ పెదనాన్న